పన్నెండు ఇండ్లు, పదకొండు తాళాలు

మే 6

ఎరువుల షాపతను కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. నాలుగు నెలలుగా అవ్వ దీన్ని మంచం కాలి కింద పెట్టుకుంది. ఈ రోజు లాగేశాను. మంచం మళ్ళీ ఊగుతోంది.

నౌకరి దొరికింది. కామారెడ్డిలో స్మార్ట్ టౌన్ ఆఫీసు. ఇంటింటి సర్వే. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్.

సూపర్‌వైజర్ పేరు ప్రవీణ్. "పదో తరగతి మెమో ఉందా?" అన్నాడు.

"తొమ్మిదిలనే ఆపేసిన సార్."

"సార్ గీర్ ఎందుకు, అన్న అను. ఫోన్ నడపొస్తదా?"

"వస్తది."

"గంతే, చాలు."

హైదరాబాద్‌లో డెలివరీ, భివండిలో మగ్గాలు, స్టేషన్ రోడ్డులో మొబైల్ షాపు. ఎక్కడా ఏడాది నిలవలేదు. "నీ కాళ్ళ కింద నిప్పులున్నయిరా జీవన్" అంటుంది అవ్వ. కన్నతల్లి అనే మాటేనా! ఈసారి తిరగడమే పని. నిప్పులుంటేనే మంచిది.

మే 9

ఆఫీసులో గోడంత స్క్రీన్ ఉంది. అందులో ఊళ్ళు. మనుషులుండే ఇల్లు ఆకుపచ్చ, దుకాణం పసుపు, ఎవరూ లేనిది బూడిద రంగు. ఈ రంగుల్ని చూసే రోడ్లు, లైట్లు, కెమెరాలు ఎక్కడ పెట్టాలో పైన నిర్ణయిస్తారట. మొదట మా ఎల్లారెడ్డి. చిన్న ఊరు కాబట్టి త్వరగా అయిపోతుందని.

"ఇండ్లు ఎవలు చూస్తరు తమ్మీ, రంగులు చూస్తరు" అన్నాడు ప్రవీణ్ అన్న. అంటూ టీ తాగాడు. నాకూ ఇప్పించాడు.

మే 14

తలుపు తీసి ఉంటే యాభై నాలుగు ప్రశ్నలు. చివర్లో, రికార్డులో ఉన్న యజమాని ఫోనుకు ఓటీపీ వెళ్తుంది. అది చెప్తేనే ఫారం ముగుస్తుంది. మా ఊళ్ళో సగం మంది యజమానులు దుబాయిలో ఉన్నారు, లేకపోతే భివండిలో, లేకపోతే పైన. ఓటీపీలు అక్కడికి పోతున్నాయి.

తాళం వేసి ఉంటే సుఖం. తాళం ఫోటో తీయాలి. మూడు రోజులు, మూడు ఫోటోలు. ఇల్లు పూర్తయినట్టే.

రోజుకు నలభై చేయాలి. ఈ రోజు ఇరవై రెండు.

మే 15

పందొమ్మిది.

ప్రవీణ్ అన్న ఫోన్: "రేపు గూడ గింతేనా? గట్లయితే ట్యాబ్ వాపస్ ఇచ్చి ఇంట్ల పండుకో."

మే 17

ఈ రోజు మా గల్లీ. పన్నెండు ఇండ్లు.

రెండు గంటలకు వెళ్ళాను. ఎండాకాలం ఆ వేళకి మా గల్లీలో ఎవరింట్లో వాళ్ళుండరు. రేకుల కింద తునికాకు పెళుసైపోతుంది, బీడీ చుడితే చిట్లుతుంది. గల్లీలో పెద్దామె ఈరవ్వది గూనపెంకుల ఇల్లు, చల్లగా ఉంటుంది. అందుకని పొద్దున పదింటికే అందరూ తాళాలేసుకుని, చాటలు పట్టుకుని ఈరవ్వ వరండాలో చేరతారు. దీపాలు పెట్టేవేళకి ఇండ్లకు పోతారు. నేను పుట్టకముందు నుంచీ ఇంతే.

అవ్వ నా కోసం వైరు సంచిలో అన్నం గిన్నె పెట్టి గొళ్ళానికి తగిలించి పోతుంది. సంచి తీసుకుని నేనూ ఈరవ్వ వరండాలోనే తింటాను. అక్కడ ఫ్యాను ఉంటుంది.

ఈ రోజు నన్ను చూడగానే కత్తెరలు ఆగాయి.

"సర్వే సారొచ్చిండు, జరుగుండ్రి జరుగుండ్రి!"

"సారు, మా ఇంట్ల ఏనుగుంది, రాసుకో సారు."

"ఏనుగు గాదు, దీని మొగుడు."

అవ్వ కూడా నవ్వింది. ఈరవ్వకు పండ్లు లేవు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నిజం చెప్పురా, మా ఇండ్లు రాసుకున్నవా?" అంది ఈరవ్వ.

"రాసుకున్న."

అబద్ధం కాదు. అప్పటికే పదకొండు తాళాల ఫోటోలు తీశాను.

ఒక్కొక్కరినీ లేపి, ఇంటికి తీసుకెళ్ళి, యాభై నాలుగు ప్రశ్నలు అడిగితే వాళ్ళ పని పాడవుతుంది. వాళ్ళకే నష్టం. మా ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉంది, ఓటీపీ బాపు నంబరుకు వెళ్తుంది. బాపు పోయి మూడేళ్ళు.

తర్వాత సరిచేస్తాను.

మే 18

రెండో ఫోటోలు. రెండు గంటలకే వెళ్ళాను.

మే 19

మూడో ఫోటోలు. నలభై ఆరు ఇండ్లు పూర్తి. ప్రవీణ్ అన్న గ్రూపులో నా పేరు రాసి చప్పట్ల బొమ్మ పెట్టాడు. పదిమంది చప్పట్లు కొట్టారు.

ఈరవ్వ ఇల్లు ఒక్కటే తెరిచి ఉంది. ఎంతమంది ఉన్నారంటే పద్నాలుగు అని కొట్టాను. ఏం చేస్తున్నారంటే బీడీలు అని కొట్టాను. యాప్ దానంతట అదే పసుపు రంగు వేసింది.

తాళం ఉంది, తాళం అని రాశాను. మూడు రోజులూ నిజంగానే వెళ్ళాను. లేనిది ఏదీ రాయలేదు.

జూన్ 3

ఎల్లారెడ్డి అయిపోయింది. ఇక కామారెడ్డి వార్డులు. రోజూ బస్సులో తిరగలేక స్టేషన్ దగ్గర ముగ్గురితో కలిసి గది తీసుకున్నాను. ఆదివారం ఇంటికి.

మన గల్లీ సరిచేయాలి. గుర్తుంది.

జూన్ 22

గుర్తుంది. వచ్చే వారం.

జూలై 11

అవ్వ ఫోన్ చేసింది. "గోడకు ఏందో కాయిదం అంటిచ్చిపోయిండ్రు. అందరూ నిన్నే అడుగుతుండ్రు, జర వచ్చిపో" అంది. సాయంత్రం బస్సుకు వెళ్ళాను.

ఈరవ్వ గోడకి రంగుల మ్యాపు. మధ్యలో మా గల్లీ. పదకొండు బూడిద ముక్కలు, ఒక పసుపు ముక్క. దాని మీద నీలం గీతలు.

"సదువురా" అంది ఈరవ్వ.

చదివాను. స్మార్ట్ పార్కింగ్, కరెంటు బస్సుల చార్జింగ్, అభ్యంతరాలకు ముప్పై రోజులు. మధ్యలో ఒక వాక్యం ఉంది: "సర్వే ప్రకారం నివాసం లేని బ్లాకు అయినందున." దాన్ని దాటేసి చదివాను. నేను తడబడినా ఎవరికీ అనుమానం రాలేదు. చదువు ఆపేసినవాణ్ణి కదా.

"పార్కింగా? ఎవల బండ్లకురా? మన గల్లీల నీ నడ్వని డొక్కు బండొక్కటే గదా" అంది ఈరవ్వ. అందరూ నవ్వారు.

"మనం మనుషులం ఉండంగ ఎట్ల కడ్తరు? సిత్రం గాకపోతే."

"గదే. రానియ్యి, చాటతోని కొడ్త."

అవ్వ నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి అందరితో అంది: "మావోడు గా ఆఫీసుల్నే ఉండె గదా. వాడు సూసుకుంటడు."

జూలై 14

ప్రవీణ్ అన్నకు చెప్పాను. మొత్తం చెప్పాను. ఆకు గురించి, పెంకుల గురించి కూడా.

విని చాలాసేపు ఫోన్ చూసుకున్నాడు.

"నీ సొంత ఇల్లురా అది?"

"అవునన్న."

"నీ సొంత ఇంటికి తాళం ఫోటో తీసినవా?"

తల ఊపాను.

"ఇప్పుడు నువ్వు తప్పు రాసిన అంటే ఏమైతదో తెల్సా? ఎల్లారెడ్డిల నువ్వు రాసిన తొమ్మిది వందల ఇండ్లూ తప్పే అంటరు. మోసం కేసు నీ మీదనే అయితది, ఏజెన్సీ మీద గాదు. నువ్వు నోరు తెర్వకు. యజమాని అర్జీ పెడితే మల్ల చూస్తరు. ఒక్క ఇల్లు పెట్టినా బ్లాకంతా మల్ల చూస్తరు."

"యజమాని అంటే..."

"ఓటీపీ ఎవలకొస్తే వాళ్ళు."

జూలై 15

నేను లేనిది ఏదీ రాయలేదు.

జూలై 16

రాయలేదు.

జూలై 22

గల్లీలో ఎవరినైనా అడగొచ్చు. ఒక్క అర్జీ చాలు. కానీ అడిగితే, మా ఇల్లు ఖాళీ అని ఎవడు రాసిండు అంటారు.

బాపు నంబరుకు ఫోన్ చేశాను. ఉత్తినే. స్విచాఫ్ వస్తుందనుకున్నాను. మోగింది.

"హలో, ఎవలు?"

మూడేళ్ళ తర్వాత ఆ నంబరు నుంచి గొంతు వినిపించింది. పెట్టేశాను. మళ్ళీ చేశాను.

"అన్నా, మీకొక ఓటీపీ వస్తది, జర చెప్తరా?"

"ఓటీపీనా? థూ. పొద్దుగాల నుంచి నువ్వు మూడోటోనివి. కష్టపడి బతుకురా."

జూలై 27

ఎల్లారెడ్డి నుంచి బాన్సువాడ, బాన్సువాడ నుంచి పిట్లం. మళ్ళీ ఫోన్ చేసి బతిమాలితే, "దమ్ముంటే పిట్లం వచ్చి అడుగు" అన్నాడు. వెళ్ళాను. మక్కల గోదాములో కాంటా వేస్తున్నాడు. పేరు ఆశన్న. బాపు వయసే ఉంటుంది.

నా ఫోనులో బాపు ఫోటో చూపించాను. చేతులు దులుపుకుని ఫోన్ తీసుకున్నాడు.

"నర్సింహులా?"

"మీకెట్ల తెల్సు?"

"ఈ సిమ్ము తీసుకున్నంక మస్తుమంది చేసిండ్రు, నర్సింహులున్నడా అని. మెల్లగ అందరు బంద్ చేసిండ్రు. ఒక్క ఆడామె మాత్రం ఇంకా చేస్తది. మొదట్ల రోజూ చేస్తుండె. ఏం మాట్లాడది. నేను హలో హలో అంటే పెట్టేస్తది. ఇప్పుడు నెలకొక్కసారి. నా భార్య ఒకపారి లొల్లి గూడ పెట్టుకున్నది." నా మొహం చూసి ఆగాడు. "మీ అవ్వనా?"

నంబరు చెప్పమన్నాను. చెప్పాడు. అవ్వదే.

నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నాను, నాకు తెలియదు.

బాపు పేరు మీద అర్జీ కొట్టాను. ఓటీపీ రావడానికి చాలాసేపు పట్టింది. గోదాము బయటికి వచ్చి, లారీ పక్కన నిలబడి, ఇద్దరం ఆయన ఫోను వైపే చూశాం. వచ్చింది. ఆయన ఒక్కొక్క అంకె చదివాడు, నేను కొట్టాను. నా ఫోనులో: "మీ అర్జీ స్వీకరించబడింది."

"ఏం పనికిరా ఇది?" అన్నాడు.

"ఇంటికి."

"మంచిది. ఆమెకు చెప్పు, మాట్లాడకున్నా మంచిదే, చేసుకొమ్మను."

చెప్పలేదు.

కానీ పని అయింది. ఎవరికీ తెలియకుండా అయిపోయింది. తిరుగు బస్సులో పాటలు విన్నాను.

ఆగస్టు 9

కాలేదు.

ఒకే ఇంటికి రెండు మాటలు వచ్చాయి కాబట్టి విచారణ అట. సెప్టెంబర్ 3, కామారెడ్డి ఆఫీసులో. యజమాని లేదా వారసులు రావాలి. సర్వే చేసినవాడు కూడా రావాలి.

"ఒక్కటే మాట" అన్నాడు ప్రవీణ్ అన్న. "ఫోటోలు నిజం. గంతే."

ఫోటోలు నిజమే కదా.

ఆగస్టు 15

సెలవు. ఇంటికి వెళ్ళాను, అవ్వకు చెప్దామని. చేపల కూర వండింది. చెప్పలేదు.

ఆగస్టు 24

చెప్పలేదు. విచారణ ఉందని మాత్రం చెప్పాను. మంచి చీర ఏది కట్టుకోవాలని అడిగింది.

ఆగస్టు 31

వాన. గదిలో నీళ్ళు కారుతున్నాయి. చెప్పలేదు.

సెప్టెంబర్ 3

అవ్వ, ఈరవ్వ పొద్దున బస్సులో వచ్చారు. ఈరవ్వ రావాల్సిన పని లేదు. "మీ అవ్వ ఎన్నడన్న ఆఫీసు మెట్లెక్కిందారా? తోడుగ వచ్చిన" అంది. గాజు తలుపు దానంతట అదే తెరుచుకుంటే ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు, తర్వాత ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. అవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుంది.

విచారణకు ఒక మేడం వచ్చింది. మంచిగానే మాట్లాడింది. అవ్వకు కుర్చీ వేయించింది. నేను, ప్రవీణ్ అన్న గోడ పక్కన నిలబడ్డాం.

"ఈ ఇల్లు మీదేనా అమ్మా?"

"మాదే మేడం."

"మీరు అందులోనే ఉంటున్నారా?"

"ఇంకెక్కడుంట? నా పెండ్లి అయినప్పటి సంది ఆడనే."

"మరి సర్వేలో మూడుసార్లూ తాళం వేసి ఉంది. చూడండి."

మూడు ఫోటోలు పక్కపక్కన స్క్రీన్ మీదికి వచ్చాయి. గోడంత.

మా తలుపు అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. తాళం. గొళ్ళెం. గొళ్ళానికి నీలం, తెలుపు వైరు సంచి. మూడింటిలోనూ సంచి. అవ్వ స్వయంగా అల్లిన సంచి. మూత సరిగా పట్టని స్టీలు గిన్నె అంచు సంచి పైకి కనిపిస్తోంది. మూడో ఫోటోలో గిన్నె పక్కన మామిడికాయ ముక్కల పొట్లం కూడా ఉంది. అది తిన్నట్టు నాకు గుర్తుంది.

నేను ఫోటో తీసింది ఆ సంచిని తీసుకోకముందు.

మేడం కూడా చూసింది. కండ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగింది.

"ఎవరూ లేని ఇంటికి అన్నం సంచి ఎందుకు తగిలించి ఉంది?"

మేడం అవ్వ వైపు తిరిగింది.

"అమ్మా, మీరు అక్కడే ఉంటున్నారు, ఇతను కావాలనే తప్పు రాశాడు అంటే, ఇప్పుడే మొత్తం ఆపేస్తాను. బ్లాకంతా. ఇతని మీద కేసు నడుస్తుంది, అది వేరే సంగతి. చెప్పండి. ఈ సంచి ఎవరిది?"

నేను ఎవరో ఆమెకు తెలియదు. ఆమె కాగితంలో నాకు ఇంటిపేరు లేదు, ఐడీ నంబరు ఉంది.

ఈరవ్వ అంది, "మేడం, గా సంచి..."

అవ్వ ఈరవ్వ చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, ఈరవ్వ గాజులు మోగాయి. ఈరవ్వ అవ్వను చూసింది. తర్వాత నన్ను చూసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమె కండ్లలో సంగతి అంతా వెళ్ళి కూర్చోవడం నేను చూశాను.

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ప్రవీణ్ అన్న మోచేత్తో పొడిచాడు. మూసుకున్నాను.

"ఎవలో తగిలిచ్చిపోయినట్టున్నరు మేడం" అంది అవ్వ. "నేను ఆడ ఉండలే. లింగంపేటల మా చెల్లె ఇంట్ల ఉంటున్న. గల్లీల అందరు గట్లనే, ఒక్కో దిక్కు పోయిండ్రు. గీ తమ్ముడు మూడుసార్లు వచ్చిండట. మంచిగనే రాసిండు."

"ఆలోచించుకుని చెప్తున్నారా?"

"ఆలోచించుకునే."

వేలిముద్ర వేసింది. తుడుచుకోమని గుడ్డ ఇచ్చాను. తీసుకుంది. నా మొహం చూడలేదు.

బస్సులో ఈరవ్వ ముందు సీట్లో కూర్చుంది, అవ్వ వెనక సీట్లో. నేను నిలబడ్డాను. లింగంపేట స్టేజీలో కండక్టర్ "దిగేటోళ్ళు ఉన్నరా?" అని అరిచాడు. అవ్వ కిటికీ బయటికి చూసింది. మాకు లింగంపేటలో ఎవరూ లేరు.

సెప్టెంబర్ 4

అవ్వ ఈరవ్వ ఇంటికి పోలేదు. మా రేకుల కింద ఒక్కతే కూర్చుని చుట్టింది. తలుపు తెరిచే పెట్టింది, పొద్దంతా.

అన్నం నేను వడ్డించుకున్నాను.

సెప్టెంబర్ 7

గల్లీ అంతటికీ తెలుసు. అర్జీల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ తిట్టడం లేదు. తిడితే బాగుండు. అవ్వ నల్లా దగ్గరికి వెళ్తే మిగతావాళ్ళు బిందెలు జరిపి దారి ఇస్తున్నారు, పరాయివాళ్ళకు ఇచ్చినట్టు.

ఈ రోజు అడిగాను, ఎందుకట్ల చెప్పినవ్ అని. ఆకు కత్తిరిస్తూనే ఉంది.

"ఇల్లు పోతే ఇంకోటి ఇస్తరంట" అంది. తర్వాత చాలాసేపటికి అంది, "నీకు అంత ఆకలైందారా ఆ మూడు దినాలు?"

అర్థం కాలేదు. రాసేటప్పుడు అర్థమైంది: తాళం ఫోటో తీసి, అదే గొళ్ళానికున్న అన్నం తిన్నాను.

అక్టోబర్ 19

నా ఐడీ పోలేదు. ఇంకో ఏడాదికి పెంచారు. ప్రవీణ్ అన్న బిర్యానీ తినిపించాడు.

నవంబర్ 12

గల్లీ పడగొట్టారు. నేను పోలేదు. కామారెడ్డిలో పని ఉంది.

పని లేదు.

నవంబర్ 13

ఈరవ్వ ఇంటి గూనపెంకులు ఒక్కటీ పగలకుండా దింపించిందట. ఎక్కడ పెట్టుకుంటుందో.

డిసెంబర్ 21

ఊరి అవతల మూడంతస్తుల బిల్డింగులు. అన్నీ ఒకేలా ఉంటాయి. మా గల్లీ వాళ్ళను చీటీలు తీసి తలా ఒక చోట ఇచ్చారు. ఈరవ్వకు మూడో అంతస్తు వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో దిగలేకపోతోంది. వరండా లేదు. తలుపుల ముందు మెట్లు మాత్రమే ఉన్నాయి. మెట్ల మీద చాటలు పెట్టొద్దని బోర్డు ఉంది, పైన కెమెరా ఉంది.

కొత్త బిల్డింగుల సర్వే వచ్చింది. ఊరు తెలుసు కదా అని నాకే వేశారు.

రెండు గంటలకు వెళ్ళాను.

అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడమనిషి, ముందు ఒక చాట. ఎవరూ నన్ను సారు అని ఆటపట్టించలేదు. అడిగిన యాభై నాలుగింటికీ జవాబు చెప్పారు. రికార్డులో ఇప్పుడు ఎవరి ఫోను నంబరు వాళ్ళదే, ఓటీపీలు వెంటనే వచ్చాయి. ఈరవ్వ కూడా చెప్పింది. ఆరు అంకెలు, ఒకదాని తర్వాత ఒకటి, గోడను చూస్తూ. పెంకులు ఆమె మంచం కింద వరుసగా పేర్చి ఉన్నాయి.

పన్నెండు ఇండ్లు. ఒక్క తాళం లేదు. ట్యాబ్‌లో అన్నీ ఆకుపచ్చ అవుతూ వచ్చాయి.

చివరికి మా తలుపు. అవ్వ ఆకు కత్తిరిస్తోంది. వైరు సంచి గోడ మేకుకు ఉంది, ఖాళీగా.

కూర్చోమనలేదు. కూర్చోలేదు. పేరు, ఆధార్, మీటరు నంబరు. అన్నీ నాకు తెలిసినవే. అయినా అడిగాను, ఫారం అట్లా ఉంటుంది.

"ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

కత్తెర ఆగింది. నా మెడలో కార్డు వైపు చూసింది.

"ఒక్కదాన్నే సారు" అంది. "రాసుకో."

రాసుకున్నాను.